మేలుకునే ఉన్నారా? నిమిషానికోసారి అడిగే గడియారం

రైలింజన్‌లోని చిన్న హెచ్చరిక పెట్టె సాయంతో సి భాషలో టైమర్ ఇంటరప్ట్‌లను అర్థం చేసుకుందాం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు రాత్రీ పగలూ తేడా లేదు. కోర్బా, గెవరా ప్రాంతాల గనుల నుంచి బొగ్గు నింపుకున్న గూడ్స్ రైళ్లు ఒకదాని వెనక ఒకటి ఈ ఊరి మీదుగా సాగిపోతుంటాయి. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్రం. తెలుగువారికీ కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో ఉన్నాయి. తిరుపతి నుంచీ, విశాఖపట్నం నుంచీ నేరుగా రైళ్లున్నాయి.

2022 ఆగస్టు 15న ఈ రైల్వే 'సూపర్ వాసుకి' అనే గూడ్స్ రైలును కోర్బా నుంచి నడిపింది. 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవు. ఒక స్టేషన్‌ను పూర్తిగా దాటడానికే దానికి దాదాపు నాలుగు నిమిషాలు పట్టింది. రోజూ నడిచే బొగ్గు రైళ్లు ఇంత పొడవుండవు. కానీ వాటిని నడిపే లోకో పైలట్ ముందున్న సమస్య మాత్రం ఒకటే. తెల్లవారుజామున మూడింటికి, ముందు చీకటి, వెనక వేల టన్నుల బొగ్గు, చక్రాల మోత తప్ప మరో శబ్దం లేని చోట రెప్ప వాలితే ఏమిటి దారి?

దీని కోసమే ఇంజన్ క్యాబ్‌లో విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అనే పరికరం ఉంటుంది. రైల్వేవాళ్లు దాన్ని క్లుప్తంగా వీసీడీ అంటారు. పైలట్ వేగం మార్చినా, బ్రేకు వేసినా, హారన్ కొట్టినా, లేదా ఇందుకోసమే పెట్టిన మీట నొక్కినా అది గమనిస్తుంది. 60 సెకన్ల పాటు వీటిలో ఏదీ జరగకపోతే ముందు దీపం మిణుకుమంటుంది. ఉజ్జాయింపుగా ఎనిమిది సెకన్లు చూసి బజర్ మోగిస్తుంది. మరో ఎనిమిది సెకన్లకూ స్పందన లేకపోతే తనే బ్రేకు వేసేస్తుంది. అంటే చివరి స్పందన తరువాత 76 సెకన్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ఈలోగా దాదాపు 1,270 మీటర్లు ముందుకు వెళ్లి ఉంటుంది.

ఈ పరికరం చేసే పని పైకి చాలా చిన్నది: సమయం లెక్కపెట్టడం. కానీ అదే సమయంలో అది మీటలను గమనించాలి, వేగం చూడాలి, దీపాన్ని మిణుకుమనిపించాలి. ఇన్ని పనుల్లో మునిగి ఉన్న ప్రోగ్రాంకు 60 సెకన్లు గడిచాయని తెలిసేదెలా? అర్థం కావడానికి అలాంటిదే ఒక బుల్లి నమూనాను మన బల్ల మీద తయారుచేసుకుందాం. విద్యార్థులు ఎక్కువగా వాడే ఆర్డ్యునో ఉనో బోర్డు, ఒక మీట, ఒక దీపం, ఒక బజర్, బ్రేకుకు బదులుగా ఒక రిలే చాలు. ప్రోగ్రాం సి భాషలో.

పాలగిన్నె, కుక్కర్ విజిల్

మొదట తోచే పద్ధతి ఇది: ఏ పనీ చేయని ఒక లూప్‌ను లక్షల సార్లు తిప్పితే కొంత సమయం గడుస్తుంది కదా, దాన్నే ఒక సెకను అనుకుందాం. పొయ్యి మీద పాలు పెట్టి పక్కనే నిలబడటం లాంటిది ఈ పద్ధతి. పొంగేదాకా మరో పని ముట్టుకోలేం. ప్రోగ్రాం ఆ లూప్‌లో ఉన్నంతసేపూ పైలట్ మీట నొక్కినా దానికి కనిపించదు. పైగా, మనం రాసిన సి ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్, ఈ లూప్ వల్ల ఏ ఫలితమూ లేదని గుర్తించి దాన్ని మొత్తంగా తీసేయవచ్చు కూడా. అప్పుడు మన సెకను మాయమవుతుంది.

రెండో పద్ధతి కుక్కర్ విజిల్ లాంటిది. పొయ్యి మీద పెట్టి మన పనిలో మనం ఉంటాం. విజిల్ వినగానే చేతిలో పని ఆపి, వెళ్లి, మంట తగ్గించి, వదిలిన చోటు నుంచి మళ్లీ మొదలుపెడతాం. మైక్రోకంట్రోలర్‌లో ఆ విజిల్ పేరే ఇంటరప్ట్.

ఉనో బోర్డులోని అట్మెగా 328పి చిప్‌లో మూడు టైమర్లున్నాయి. ఇవి ప్రోగ్రాం భాగాలు కావు. ప్రాసెసర్ పక్కనే, దానితో సంబంధం లేకుండా సెకనుకు 1.6 కోట్ల సార్లు కొట్టుకునే గడియారాన్ని లెక్కపెట్టే విడి సర్క్యూట్లు. మనం చెప్పిన అంకె చేరగానే టైమర్ ఒక జెండా ఎత్తుతుంది. ప్రాసెసర్ అప్పుడు చేస్తున్న ఒక్క ఆదేశాన్ని పూర్తిచేసి, ఎక్కడ ఆగిందో స్టాక్ అనే మెమరీ భాగంలో గుర్తు పెట్టుకుని, మనం ఈ సందర్భం కోసం రాసిన ఫంక్షన్‌లోకి దూకుతుంది. ఆ పని కాగానే గుర్తు చూసుకుని పాత చోటికి తిరిగి వస్తుంది. ఇది మధ్యలో వచ్చి పోయిందన్న సంగతి అసలు ప్రోగ్రాంకు తెలియదు.

250 కాదు, 249

మన నమూనాకు ప్రతి మిల్లీసెకనుకూ ఒక ఇంటరప్ట్ కావాలి. గడియారం సెకనుకు 1,60,00,000 సార్లు కొట్టుకుంటుంది. అంత వేగంగా లెక్కించడం అనవసరం కనుక, 64 కొట్టుకోవడాలకు ఒకటి చొప్పున లెక్కించమని టైమర్‌కు చెప్పవచ్చు. అప్పుడు సెకనుకు 2,50,000 లెక్కలు, మిల్లీసెకనుకు సరిగ్గా 250.

ఇక్కడే చాలామంది 250 అని రాసేస్తారు. టైమర్ సున్నా నుంచి మొదలుపెడుతుంది. 0 నుంచి 249 వరకు లెక్కపెడితేనే 250 అంకెలు. కాబట్టి రాయాల్సింది 249. పొరపాటున 250 రాస్తే మన మిల్లీసెకను 1.004 మిల్లీసెకన్లు అవుతుంది. తేడా వెయ్యికి నాలుగే. వీసీడీలో 60 సెకన్లకు బదులు 60.24 సెకన్లకు దీపం వెలుగుతుంది. ఎవరూ గుర్తుపట్టరు. కానీ ఇదే లెక్కతో గోడ గడియారం చేస్తే గంటకు 14.4 సెకన్లు, రోజుకు దాదాపు 5 నిమిషాల 46 సెకన్లు వెనకబడుతుంది.

చిన్న తప్పు పేరుకుపోతే ఏమవుతుందో 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో ప్రపంచం చూసింది. అక్కడి అమెరికా పేట్రియట్ క్షిపణి వ్యవస్థ సమయాన్ని సెకనులో పదో వంతుల చొప్పున లెక్కపెట్టేది. లెక్క పూర్ణాంకాల్లో ఉన్నంత వరకు ఇబ్బంది లేదు. దాన్ని సెకన్లలోకి మార్చడానికి పదో వంతుతో గుణించాలి. పదో వంతును రెండంకెల పద్ధతిలో కచ్చితంగా రాయలేం, మూడో వంతును దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే. 24 బిట్ల దగ్గర ఆ సంఖ్య తెగిపోయింది. వ్యవస్థను ఆపకుండా సుమారు 100 గంటలు నడిపేసరికి తేడా సెకనులో మూడో వంతుకు చేరింది. సెకనుకు కిలోమీటరున్నరకు పైగా వేగంతో వచ్చే స్కడ్ క్షిపణికి ఆ మూడో వంతులో అర కిలోమీటరు దాటుతుంది. పేట్రియట్ దాన్ని వెతకాల్సిన చోట వెతకలేదు. 28 మంది సైనికులు చనిపోయారు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడు అక్కడికి చేరింది.

అందుకే టైమర్‌తో పనిచేసేవారు ఒక అలవాటు పాటిస్తారు. టిక్కులను పూర్ణాంకాలుగానే లెక్కపెడతారు, పూర్ణాంకాలుగానే పోలుస్తారు. 60 సెకన్లు కాదు, 60,000 టిక్కులు.

65,535 దగ్గర ఆగిపోయే బ్రేకు

ఇప్పుడు ఇంటరప్ట్ ఫంక్షన్‌లో ఒకే ఒక్క పని పెడదాం: చివరి స్పందన తరువాత గడిచిన టిక్కుల లెక్కకు ఒకటి కలపడం. ప్రోగ్రాంలోని ప్రధాన లూప్ తిరుగుతూ మీట నొక్కితే ఆ లెక్కను సున్నా చేస్తుంది. 60,000 దాటితే దీపం, 68,000 దాటితే బజర్, 76,000 దాటితే బ్రేకు. చూడటానికి ఇంత తేలికైన ప్రోగ్రాంలో మూడు గుంటలున్నాయి.

మొదటిది, లెక్క పట్టే పాత్ర పరిమాణం. ఈ చిప్ మీద సి భాషలో మామూలు పూర్ణాంకానికి 16 బిట్లే. రుణ సంఖ్యలు వద్దనుకున్నా అందులో పట్టే అతి పెద్ద అంకె 65,535. దాని తరువాత మళ్లీ సున్నా. ఏం జరుగుతుందో ఊహించండి. 60 సెకన్లకు దీపం వెలుగుతుంది. పరీక్షించేవారు సంతోషిస్తారు. 65.5 సెకన్ల దగ్గర లెక్క సున్నాకు పడిపోతుంది, దీపం ఆరిపోతుంది. 68,000 ఎన్నటికీ రాదు, 76,000 అంతకన్నా రాదు. పైలట్ నిద్రపోతూనే ఉంటాడు, పరికరం నిమిషానికోసారి దీపం మిణుకుమనిపించి ఊరుకుంటుంది. దీపం వెలిగిందా లేదా అని మాత్రమే చూసి పరీక్ష ముగించేవారికి ఈ తప్పు దొరకదు. పూర్తిగా 76 సెకన్లు మీట ముట్టుకోకుండా కూర్చున్నవారికే దొరుకుతుంది. కాబట్టి లెక్కకు 32 బిట్ల పాత్ర కావాలి.

రెండోది, కంపైలర్ తెలివి. ప్రధాన లూప్‌ను చూస్తే అందులో ఎక్కడా ఈ లెక్క పెరగడం లేదు. పెంచేది ఇంటరప్ట్, దాన్ని ప్రధాన లూప్ పిలవదు కూడా. మారని అంకెను ప్రతిసారీ మెమరీ నుంచి తెచ్చుకోవడం దేనికని కంపైలర్ ఒకసారి చదివిన విలువనే పట్టుకుని కూర్చోవచ్చు. 'ఇది నీకు తెలియకుండా కూడా మారుతుంది, ప్రతిసారీ వెళ్లి చూడు' అని దానికి చెప్పే మాటే సి భాషలోని 'వోలటైల్'. ఆ ఒక్క మాట మరిచిపోతే, ప్రోగ్రాం ఇంట్లో పరీక్షించినప్పుడు పనిచేసి, వేగం కోసం కంపైలర్ మీట మార్చగానే మూగబోవచ్చు.

మూడోది అన్నింటికన్నా మాయదారిది. ఇది 8 బిట్ల ప్రాసెసర్. 32 బిట్ల అంకెను అది నాలుగు ముక్కలుగా, ఒకదాని తరువాత ఒకటిగా చదువుతుంది. లెక్క 65,535 ఉన్న క్షణంలో ప్రధాన లూప్ కింది రెండు ముక్కలు చదివిందనుకుందాం. సరిగ్గా అప్పుడే ఇంటరప్ట్ వచ్చి లెక్కను 65,536 చేసింది. తిరిగి వచ్చి పై ముక్కలు చదివితే అవి కొత్త లెక్కవి. పాత కింది సగం, కొత్త పై సగం కలిసి 1,31,071 అవుతుంది. అది 76,000 కన్నా ఎక్కువే కదా, బ్రేకు పడిపోతుంది. పైలట్‌కు ఇంకా పది సెకన్ల గడువు ఉండగానే బొగ్గు రైలు కారణం లేకుండా ఆగుతుంది. ఇది నెలకో, ఏడాదికో ఒకసారి జరగవచ్చు. మళ్లీ జరిపి చూపించమంటే జరగదు. విరుగుడు మాత్రం చిన్నదే: అంకెను చదివే ఆ కొన్ని క్షణాలు ఇంటరప్ట్‌లను ఆపి, ఒక నకలు తీసుకుని, వెంటనే తిరిగి అనుమతించాలి. లెక్కను సున్నా చేసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త.

కాల్ బాయ్ రైలు నడపడు

రైల్వే కాలనీల్లో పెరిగినవారికి కాల్ బాయ్ గుర్తుండే ఉంటాడు. డ్యూటీ వేళకు ముందు సైకిల్ మీద వచ్చి, క్వార్టర్ తలుపు తట్టి, డ్రైవర్‌ను లేపి, పుస్తకంలో సంతకం తీసుకుని వెళ్లిపోయేవాడు. ఇప్పుడా పనిని చాలా వరకు ఫోన్లే చేస్తున్నాయి. కాల్ బాయ్ పని లేపడం వరకే. లేపిన ఇంట్లో కూర్చుని కాఫీ తాగి కబుర్లు చెబితే తరువాతి ఇంటి డ్రైవర్ లేవడు.

ఇంటరప్ట్ ఫంక్షన్ కూడా అలాగే ఉండాలి. ఈ చిప్‌లో ఒక ఇంటరప్ట్ ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ మిగతా ఇంటరప్ట్‌లు గుమ్మం బయట ఆగుతాయి. ఒక మిల్లీసెకనులో ప్రాసెసర్‌కు ఉండేవి 16,000 గడియారపు కొట్టుకోవడాలు. లెక్కకు ఒకటి కలపడానికి వాటిలో కొన్ని పదులు చాలు. కానీ అదే ఫంక్షన్‌లో ఎవరైనా కంప్యూటర్ తెరకు సందేశం పంపడం మొదలుపెట్టారనుకోండి. సెకనుకు 9,600 బిట్ల వేగంతో ఒక్క అక్షరానికే మిల్లీసెకను దాటుతుంది. ఇరవై అక్షరాలకు ఇరవై మిల్లీసెకన్లు. ఈలోగా రావాల్సిన టిక్కులన్నీ ఏమవుతాయి? టైమర్‌కు ఉన్నది ఒక్కటే జెండా. ఎత్తి ఉన్న జెండాను మళ్లీ ఎత్తడం కుదరదు. ఆగి ఉన్న టిక్కుల్లో ఒకటి మిగులుతుంది, మిగతావి ఎవరికీ చెప్పకుండా పోతాయి. పరికరం గడియారం నెమ్మదిస్తుంది, హెచ్చరిక ఆలస్యమవుతుంది. అందుకే ఇంటరప్ట్‌లో గుర్తు పెట్టడం, ప్రధాన లూప్‌లో పని చేయడం అనేది పాటించాల్సిన నియమం.

కాపలా వాడికి కాపలా

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పైలట్ నిద్రపోతే పరికరం లేపుతుంది. పరికరమే నిద్రపోతే?

ప్రోగ్రాం ఎక్కడైనా చిక్కుకుపోవచ్చు. జవాబివ్వని ఒక సెన్సార్ కోసం ప్రధాన లూప్ ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. దీని కోసం చిప్‌లోనే వాచ్‌డాగ్ టైమర్ అనే మరో గడియారం ఉంది. అట్మెగా 328పిలో దానికి సొంత ఆసిలేటర్ ఉంది, ప్రధాన గడియారంతో పనిలేదు. ప్రోగ్రాం నిర్ణీత గడువులోగా దాన్ని పలకరిస్తూ ఉండాలి. ఆ గడువును 16 మిల్లీసెకన్ల నుంచి 8 సెకన్ల వరకు పెట్టుకోవచ్చు. పలకరింపు రాకపోతే అది చిప్‌ను మొదటి నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఇది అచ్చంగా వీసీడీయే, కాకపోతే మనిషికి కాదు, ప్రోగ్రాంకు.

మరి ఈ పలకరింపును ప్రోగ్రాంలో ఎక్కడ పెట్టాలి? టైమర్ ఇంటరప్ట్ ఎలాగూ మిల్లీసెకనుకోసారి తప్పకుండా వస్తోంది కదా, అందులో పెడితే ఎప్పుడూ మరిచిపోదు అనిపిస్తుంది. చక్కగా పనిచేస్తుంది కూడా. అదే ప్రమాదం. ప్రధాన లూప్ చిక్కుకుపోయినా టైమర్ ఆగదు. అది విడి సర్క్యూట్. ఇంటరప్ట్ వస్తూనే ఉంటుంది, లెక్క పెరుగుతూనే ఉంటుంది, వాచ్‌డాగ్‌కు పలకరింపు అందుతూనే ఉంటుంది. కానీ ఆ లెక్కను చూసి దీపం వెలిగించాల్సినవాడు లేడు. బయటి నుంచి చూస్తే పరికరం బతికే ఉంది. లోపల పనిచేసేవారు లేరు.

మనుషుల విషయంలోనూ ఇదే ఇబ్బందిని పరిశోధకులు గమనించారు. హెచ్చరికకు జవాబుగా ఒకే మీట మళ్లీ మళ్లీ నొక్కే పని అలవాటుగా మారుతుంది. మగత ఆవరించినా చేయి తన పని తాను చేసుకుపోవచ్చు. మీట నొక్కడం మెలకువకు గుర్తు, కానీ రుజువు కాదు. వీసీడీ కేవలం మీటనే కాక వేగం మార్చడాన్నీ, బ్రేకు వేయడాన్నీ, హారన్ కొట్టడాన్నీ స్పందనగా తీసుకోవడంలో ఉన్న విజ్ఞత ఇక్కడ తెలుస్తుంది. నిజంగా పని జరుగుతుంటే విడిగా హాజరు వేయించుకోనక్కర్లేదు.

ప్రోగ్రాంలో కూడా పరిష్కారం అదే. వాచ్‌డాగ్ పలకరింపును ఇంటరప్ట్ నుంచి తీసేయాలి. ప్రధాన లూప్‌లోని ప్రతి ముఖ్యమైన పనికీ ఒక గుర్తు పెట్టాలి: మీటలు చదివాను, సమయం పోల్చాను, దీపం, బజర్, బ్రేకు స్థితి సరిచూశాను. మూడు గుర్తులూ పడితేనే వాచ్‌డాగ్‌ను పలకరించి, గుర్తులు చెరిపి, మళ్లీ మొదలుపెట్టాలి. ఏ ఒక్కటి ఆగినా పలకరింపు ఆగుతుంది. రిలేను కూడా, కరెంటు ఉన్నంతసేపే బ్రేకు వదిలి ఉండేలా కలపాలి. చిప్ తిరిగి మొదలైనా, తీగ తెగినా బ్రేకు పడే వైపే ఒరుగుతుంది. రైల్వేకు ఈ సూత్రం పాతదే. రైలు పొడవునా ఉండే గాలి పైపులో ఒత్తిడి తగ్గితేనే బ్రేకు పడుతుంది. పైపు తెగినా రైలు ఆగుతుంది తప్ప అదుపు తప్పదు.

వీసీడీ అడగగలిగేది 'మేలుకుని ఉన్నారా' అని మాత్రమే. 'సిగ్నల్ చూశారా, వేగం సరిగా ఉందా' అని అడగడానికి 'కవచ్' వచ్చింది. రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ, భారతీయ పరిశ్రమలు కలిసి దీన్ని రూపొందించాయి. తొలి దశ పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి, వికారాబాద్ వైపు మార్గంలో జరిగాయి. తయారీదారుల్లో హైదరాబాద్ సంస్థలున్నాయి. 2020లో దీన్ని జాతీయ ఆటోమేటిక్ రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించారు. ఇంజన్‌లోని పరికరం, స్టేషన్‌లోని పరికరం రేడియో ద్వారా క్రమం తప్పకుండా సమాచారం ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటాయి. అక్కడా ప్రశ్న ఇదే: వేళకు అందాల్సినది అందకపోతే ఏం చేయాలి?

మీ దగ్గర ఉనో బోర్డుంటే ఈ నమూనాను ఒక సాయంత్రంలో చేసి చూడవచ్చు. అంతా పనిచేశాక ఒక పరీక్ష మాత్రం తప్పకుండా పెట్టండి. ప్రధాన లూప్ మధ్యలో ఎప్పటికీ ముగియని ఖాళీ లూప్ ఒకటి కావాలనే రాయండి. ముందు వాచ్‌డాగ్ పలకరింపును ఇంటరప్ట్‌లో ఉంచి నడపండి, తరువాత ప్రధాన లూప్‌లోకి మార్చి నడపండి. మొదటిసారి 76 సెకన్లు కాదు, గంట గడిచినా దీపం వెలగదు, బజర్ మోగదు, రిలే కదలదు. రెండోసారి మీరు పెట్టిన గడువు దాటగానే బోర్డు తిరిగి మొదలై, రిలే టక్కున బ్రేకు వైపు పడటం వినిపిస్తుంది.